వంటింటి ఫ్రెంచి

పోయిన వారం పుష్పకుమారిని సెక్రటరీ గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ఆమె ఏం చూసి ఆగిపోయిందో ఒకసారి గుర్తు చేసుకుని లోపలికి వెళ్దాం.

విశాఖపట్నం ఉదయతార మహిళా కళాశాలలో పుష్పకుమారి పన్నెండేళ్ళుగా ఫ్రెంచి చెబుతోంది. ఫిబ్రవరిలో మద్రాసు వెళ్ళి అక్కడి ఫ్రెంచి ఆఫీసు వాళ్ళ ఇంటర్వ్యూకి హాజరై వచ్చింది. ఫ్రెంచి పాఠాలు చెప్పే వాళ్ళలో దక్షిణాది మొత్తం మీద ఎనిమిది మందిని ఎంచి, ఈ ఎనభై రెండు వేసవిలో ఆరు వారాలు ఫ్రాన్సు పంపుతారు. బెజాన్సోన్ అనే ఊళ్ళో ఒక్కొక్కరినీ ఒక్కొక్క కుటుంబంతో ఉంచుతారు. పొద్దున తరగతులు. మధ్యాహ్నం నుంచి ఆ ఇంటి వంట, ఆ ఊరి బజారు, ఆ ఇరుగుపొరుగు. ఇన్నాళ్ళూ పుస్తకాల్లోంచి చెప్పిన భాషని మనుషుల నోట వినడం.

ఫలితం కోసం రెండు నెలలు ఎదురుచూసింది. ఏ ఉత్తరమూ రాలేదు. మనకి కాదులే అని మనసు సరిపెట్టుకుంది. ఈస్టరు వెళ్ళిన శనివారం నాడు, పరీక్షల డ్యూటీ జాబితా ఇద్దామని సెక్రటరీ గురునాథరావు గదికి వెళ్ళేసరికి ఆయన బల్ల మీద మద్రాసు కవరు కనిపించింది. కవరు మీద తన పేరు. అంచు చించి ఉంది. పోస్టు ముద్ర మార్చి ఇరవై ఆరు.

అక్కడే ఆగాం.

"రా అమ్మా, లోపలికి రా. నేనే కబురు పెడదామనుకుంటున్నాను," అన్నాడు గురునాథరావు.

ఆయన గొంతు పెంచని మనిషి. ఆయన ఎంత మెత్తగా మాట్లాడితే అంత కోపంగా ఉన్నట్టని స్టాఫ్ రూములో అందరికీ తెలుసు. ఇవాళ చాలా మెత్తగా ఉన్నాడు.

పుష్పకుమారి జాబితా బల్ల మీద పెట్టలేదు. కవరు వంకే చూస్తూ, "అది నాకొచ్చిన ఉత్తరం సార్," అంది.

"కాలేజీ అడ్రసుకి వచ్చింది కదమ్మా."

"నా పేరుతో వచ్చింది. మూడు వారాలైంది."

"అవును. నిన్ను ఎంపిక చేశారు. సంతోషం." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సోమవారం లోపల వస్తున్నదీ లేనిదీ చెప్పమన్నారు. దాని గురించే ఈ కాగితం టైపు చేయించాను. చదివి సంతకం పెట్టు."

నాలుగే నాలుగు వాక్యాలు. కుటుంబ కారణాల వల్ల ఈ యాత్ర నుంచి స్వచ్ఛందంగా విరమించుకుంటున్నాననీ, తన బదులు కళాశాల సూచించే మరో అధ్యాపకురాలిని తీసుకోవలసిందనీ. కింద ఆమె పేరు, పేరు పైన సంతకానికి జాగా.

పుష్పకుమారి రెండుసార్లు చదివింది. రెండోసారి చదివేటప్పుడు చెవులు వేడెక్కాయి.

"నేను విరమించుకోవడం లేదు సార్."

"తొందరపడకు. జూలై మొదటి వారంలో కాలేజీ తెరుస్తాం. నువ్వు తిరిగొచ్చేది నెలాఖరుకి. నాలుగు వారాలు పాఠాలెవరు చెబుతారు?"

"చాంద్ సుల్తానా చెబుతుంది. అడిగాను. సరేనంది."

"చాంద్ సుల్తానా వెళ్తే నువ్వు చెప్పవా?" అని నవ్వాడు ఆయన. "ఆ అమ్మాయి హైదరాబాదులో గోల్డ్ మెడల్ తెచ్చుకుంది. ఫ్రెంచి సాహిత్యమంతా చదివింది. నీ సంగతి నీకు తెలియనిది కాదు. నీది కాన్వెంటు వంటింట్లో పట్టుబడిన భాష. ఇక్కడ మన పిల్లలకి చాలు, నేను కాదనను. కానీ అక్కడ పెద్దపెద్ద కుటుంబాల్లో ఉండాలి. మీ నాన్నగారేం చేసేవారు, మీ అమ్మగారేం చేసేవారు అని అడుగుతారు. కాలేజీ పేరు కూడా చూసుకోవాలి కదా."

ఆయన తప్పు చేస్తున్నట్టు మాట్లాడలేదు. జలుబు చేసిన వాళ్ళకి తల తడుపుకోవద్దని చెప్పినంత మామూలుగా చెప్పాడు. అదే పుష్పకుమారికి ఎక్కడో తగిలింది. ముప్పై ఆరేళ్ళ వయసులో, ఎం.ఏ. పట్టా చేతిలో ఉండగా, ఆమె మళ్ళీ కాన్వెంటు వంటింట్లో పీట మీద కూర్చుని ఉల్లిపాయలు వలుస్తున్న పిల్ల అయిపోయింది. అమ్మ దీవెనమ్మ పొయ్యి దగ్గర. ఎదురుగా సిస్టర్ క్లెమాన్స్, చేతులు మోచేతుల దాకా పైకి మడిచి, బంగాళదుంపలు తరుగుతూ, కత్తిని ఏమంటారు, పొట్టుని ఏమంటారు, చేతికి గాయమైతే ఏమని అరుస్తారు అని అడుగుతూ.

ఆ పిల్ల తలవంచుకునేది. ఈమె వంచలేదు.

"మద్రాసు ఇంటర్వ్యూలో నన్నేం అడిగారో మీకు తెలుసా సార్? మీ ఊరి గురించి చెప్పమన్నారు. పోర్టు గురించి చెప్పాను. తర్వాత, మీ ఇంట్లో చేపల పులుసు ఎలా పెడతారన్నారు. వంజరం ముక్కలు కడగడం దగ్గర మొదలుపెట్టి, చింతపండు పిసికి, దించేటప్పుడు వేసే మెంతిపొడి దాకా ఫ్రెంచిలో చెప్పాను. మధ్యలో ఒక్కసారి ఆగలేదు. పుస్తకాలు చదివిన వాళ్ళు చాలామంది వచ్చారు, పొయ్యి మీదున్న గిన్నె దించమని చెప్పడం మాత్రం రాలేదు, అన్నారు వాళ్ళు. నన్ను వంటింటి ఫ్రెంచి చూసే తీసుకున్నారు. మా అమ్మ ఏం చేసేదని వాళ్ళు అడిగారు కూడా. చెప్పాను. దాచుకోవాల్సిన సంగతని నాకు ఇవాళే తెలిసింది."

గురునాథరావు సొరుగు లాగి మరో కాగితం తీశాడు.

"ఇది నీకు చూపించకూడదనే అనుకున్నాను. మీ అమ్మ వచ్చింది. పది రోజులైంది. అదిగో ఆ బెంచీ మీద గంటసేపు కూర్చుంది. నిన్ను పంపొద్దని బతిమాలింది. మన గుమాస్తా చేత రాయించి వేలిముద్ర వేయించాను. ఇంకా నన్ను తప్పుపడతావా?"

ఊదారంగు సిరాలో బొటనవేలి ముద్ర. పొయ్యి సెగకి గీతలరిగిపోయి, సగం ముద్దగా పడిన ముద్ర. ఎన్ని రేషన్ కార్డుల మీద, ఎన్ని ఆసుపత్రి చీటీల మీద చూసిందో దాన్ని. గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టలేదు.

కుర్చీ వెనక భాగం పట్టుకుంది. కూర్చోలేదు.

"వేలిముద్ర మా అమ్మది సార్. సంతకం నాది. అది ఇవ్వను."

"అయితే సెలవు మంజూరు కాదు."

"కాదని రాసివ్వండి."

ఆమె ఆయన బల్ల మీది తెల్లకాగితమే తీసుకుని, నిలబడే నాలుగు వారాల సెలవు దరఖాస్తు రాసింది. తేదీ వేసింది. గుమాస్తాని పిలిచి, రిజిస్టర్లో ఎక్కించి నెంబరు వేసి నకలు ఇమ్మంది. గుమాస్తా సెక్రటరీ ముఖం చూశాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కాదని రాసివ్వడానికి ఆయనకి ఇష్టం లేదు. రాస్తే అది పై అధికారుల దాకా ఎక్కడికైనా వెళ్తుంది. గుమాస్తా నెంబరు వేసేశాడు.

పుష్పకుమారి పేపరువెయిట్ ఎత్తి పక్కన పెట్టి, తన కవరు తాను తీసుకుంది.

"సోమవారం లోపల నా జవాబు మద్రాసు చేరుతుంది సార్," అని బయటికి వచ్చేసింది.

వరండా దాటేదాకా ఆగలేదు. మెట్ల దగ్గర ఆగి, ఉత్తరం తీసి తన పేరు చదువుకుంది.

*

ద్వారకా నగర్లో ఎక్కిన బస్సు కిటకిటలాడుతోంది. గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలయినప్పటి నుంచీ ఊళ్ళో ఏ బస్సూ ఖాళీగా ఉండడం లేదు. కమ్మీ పట్టుకు నిలబడి ఆమె ఒక్కటే ఆలోచించింది. అమ్మ ఎందుకు చేసింది?

దీవెనమ్మ ఇంతవరకు కూతుర్ని దేనికీ వద్దనలేదు. మొగుడు జ్వరంతో పోయేనాటికి పిల్లకి మూడేళ్ళు. కాన్వెంటులో అంట్లు తోమి, తర్వాత వంట చేసి చదివించింది. పెళ్ళి చేసుకోనంటే సరేనంది. ఎం.ఏ. చదువుతానంటే సరేనంది. ఫ్రాన్సు వెళ్తానేమో అన్నప్పుడు మాత్రం ఏ ఊరని అడిగింది. ఊరి పేరు చెబితే తట్టలో బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది. అది ఇప్పుడు గుర్తొచ్చింది పుష్పకుమారికి.

జ్ఞానాపురంలో వాళ్ళ వీధి మొదట్లోనే పక్కింటి ముసలమ్మ తీగ మీది దుప్పటి దులుపుతోంది. ఓడరేవు వైపు నుంచి గాలి వీస్తే ఆ వీధిలో ఆరేసిన బట్టలన్నిటి మీదా ఇనప ఖనిజం ఎర్రదుమ్ము పడుతుంది.

"ఏటే పుష్పా, బెజవాడ ఎల్తన్నావట గదా, కాలేజీవోలు పంపుతన్నారట?" అంది ముసలమ్మ.

"బెజవాడ కాదు పిన్నీ, బెజాన్సోన్."

"ఏదో ఒహటి. అక్కడ ఎండలు మరీ అన్నేయం. గొడుగట్టుకెల్లు."

ఇంకో రోజైతే నవ్వేది. ఇవాళ చెప్పులు విడిచి నేరుగా లోపలికి వెళ్ళింది. దీవెనమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. కూతురి ముఖం చూసి చేతిలో చేప జారవిడిచింది. అడగకుండానే అర్థమైపోయింది ఆమెకి.

"సూపించీసినాడా ఆ కాయితం?"

"చూపించాడు. ఎందుకు చేశావమ్మా?"

దీవెనమ్మ చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ కడుక్కుంది.

"ఏ ఊరైనా ఎల్లు. ఆ ఊరెల్లకు."

"ఎందుకు?"

"ఆ ఊర్ల కిలమాన్సమ్మ ఉంది. ఆవిడ సొంతూరదే."

పుష్పకుమారి గోడకి చేరబడింది. సిస్టర్ క్లెమాన్స్. ఆ పేరు ఆ ఇంట్లో వినిపించి ఇరవై రెండేళ్ళయింది. ఆమెకి పద్నాలుగేళ్ళప్పుడు, ఒక సోమవారం పొద్దున కాన్వెంటు వంటింటికి వెళ్ళేసరికి సిస్టర్ కూర్చునే పీట ఖాళీగా ఉంది. తమ దేశం వెళ్ళిపోయిందన్నారు. చెప్పకుండా, ఒక్క మాట కూడా చెప్పకుండా. ఆ పిల్ల మూడు రోజులు అన్నం తినలేదు. తర్వాత పంతం పట్టి, ఆవిడ చెప్పకుండా పోయినా ఆవిడ చెప్పిన భాషని మాత్రం వదలనని, దొరికిన పుస్తకమల్లా చదివింది.

"ఉంటే ఏం? ఆవిడే నన్ను వదిలేసి పోయింది."

"పోనేదు," అంది దీవెనమ్మ. "నానే పంపించీసినాను."

తర్వాత మాటలు ఆమె నోటివెంట ఆగి ఆగి వచ్చాయి.

"నిన్ను తనకాడికి తీసుకుపోయి సదివిత్తానంది. అయిదేళ్ళు. పెద్ద టీచరమ్మని సేసి పంపుతానంది. సేతులు రెండూ పట్టుకుని అడిగింది. నాకు మొగుడు నేడు, ఇంకో బిడ్డ నేడు. నిన్ను ఓడెక్కిత్తే మళ్ళీ వత్తావా? వచ్చినా నన్ను అమ్మా అంటావా? ఆ రేత్రి నిద్దర పట్టనేదు. తెల్లారి మదర్ కాడికెల్లి, సిస్టరు నా పిల్లని నాకు సెప్పకుండా దొంగతనంగా ఓడెక్కించీడానికి సూత్తందని సెప్పినాను. ఏడిసి మరీ సెప్పినాను. నెల తిరక్కండానే పంపించీసినారు."

పెరట్లో కాకి ఒకటి చేపల తట్ట మీదికి వచ్చింది. ఎవరూ దాన్ని తోలలేదు.

"అబద్ధం చెప్పావా అమ్మా?"

"అబద్దమే." దీవెనమ్మ తలెత్తింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి గానీ గొంతు వణకలేదు. "అబద్దమే సెప్పినాను. మళ్ళీ ఆ రోజే వత్తే మళ్ళీ అదే సెప్తాను. నువ్వు నా బిడ్డవి. అడిగిన ఆవిడ మంచిదైతే నాకేటి? దేవుడడిగితే దేవుడికే సెప్పుకుంటాను. ఆవిడ ముందర మాత్రం నువ్వు నిలబడి, మా యమ్మ ఇలాటిదని తెలుసుకోటం నాను బరించనేను."

పుష్పకుమారికి అరవాలనిపించింది. ఇరవై రెండేళ్ళు ఒక మనిషిని అన్యాయంగా తిట్టుకున్నాను కదా అనిపించింది. ఎదురుగా కూర్చున్న మనిషి చేతుల వంక చూసింది. ఎన్ని వందల మందికి వండిన చేతులో. అరవలేకపోయింది.

"సెక్రటరీకి ఇదంతా చెప్పావా?"

"అంతా సెప్పనేదు. ఆ ఊర్ల పలానా సిస్టరుంది, నా పిల్ల ఆవిడికి కనబడకూడదు అన్నాను. పేరు రాసుకున్నాడు."

దీవెనమ్మ లేచి లోపలికి వెళ్ళింది. రేకుపెట్టె అడుగు నుంచి, పెళ్ళి చీర మడతల్లోంచి, నూలుదారంతో కట్టిన కవర్ల కట్ట తెచ్చి కూతురి ఒళ్ళో పడేసింది. ఆరు ఉత్తరాలు. అన్నీ ఫ్రాన్సు తపాలా బిళ్ళలే. అన్నిటి మీదా దీవెనమ్మ పేరు, కాన్వెంటు వంటిల్లు అని అడ్రసు. ఒక్కటి కూడా విప్పలేదు.

"నాకు సదూరాదు. నీకిత్తే నువ్వు సదివీగలవు. అందికే దాసీసినాను."

అన్నిటికన్నా ఆఖరుది మూడేళ్ళ కిందటిది. పుష్పకుమారి దాన్నే విప్పింది. తొందరలో కవరు ఒక పక్కకి చిరిగింది. అక్షరాలు వంకరపోయాయి గానీ అవి సిస్టర్ అక్షరాలే. ముందు ఫ్రెంచిలో పైకి చదివింది, అర్థం చెబుదామని.

దీవెనా, నీ మీద చాలా ఏళ్ళు కోపంగా ఉన్నాను, అని ఉంది. ఇప్పుడు ముసలిదాన్ని. కోపాన్ని మొయ్యడానికి ఓపిక లేదు. నా చేతులు వణుకుతున్నాయి, దుంపలు తరగలేను. ఆ రోజు మీ ఇద్దరికీ చెప్పి వెళ్తానని బతిమాలాను. ఒప్పుకోలేదు. వంటింటి తలుపు అవతల నిలబడ్డాను. లోపల చిన్నది పాట పాడుకుంటూ ప్లేట్లు తుడుస్తోంది. ఆ పాట అయ్యేదాకా నిలబడి వెళ్ళాను. ఈ సంగతి దానికి చెప్పు. నేను చెప్పకుండా పోయానని అనుకుంటూ బతకనివ్వకు.

పుష్పకుమారి తెలుగులో చెబుదామని తలెత్తింది. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. దీవెనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"అమ్మా! నీకు అర్థమయిందా?"

"ముప్పై యేళ్ళు ఆళ్ళకి వండినాను. అరదం అవదేటి?" అంది దీవెనమ్మ వెక్కుతూ. "ఆవిడెళ్ళిన కాణ్ణించీ ఆ బాస నా నోట రానివ్వనేదు. అంతే."

పుష్పకుమారి లేచి తల్లి పక్కన కూర్చుంది. తర్వాత ఆమె అన్నది ఒక్కటే మాట.

"నువ్వు నన్ను నిలబెట్టుకున్నావు. నేను నీ దగ్గరే ఉన్నాను. ఇప్పుడు నేను ఆ ఊరు వెళ్ళి తీరతాను. నువ్వు ఒప్పుకున్నా వెళ్తాను, ఒప్పుకోకపోయినా వెళ్తాను. ఆవిడ బతికుంటే ఆవిడ ముందు నిలబడి, మా అమ్మ ఇలాంటిదనే చెప్తాను. నన్ను వదులుకోలేకపోయిందని చెప్తాను."

*

అప్పుడే వీధిలో రిక్షా ఆగింది. చాంద్ సుల్తానా దిగింది. పుష్పకుమారి కన్నా పదేళ్ళు చిన్నది, ఆ కళాశాలలో రెండో ఫ్రెంచి టీచరు. పాతపట్నంలో రేకుపెట్టెల దుకాణం హుస్సేన్ బాషా పెద్ద కూతురు. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే పిల్ల, గుమ్మంలోకి వస్తూనే ఆయాసపడుతూ అంది:

"అక్కా, మీరు మానేసుకున్నారా?"

"ఎవరు చెప్పారు?"

"సెక్రటరీ గారు. మీరెళ్ళిపోయాక నన్ను పిలిచినారు. పుష్పకుమారి తనంతట తానే వద్దన్నాది, నీ పేరు పంపుతన్నాము అన్నారు. టైపు మిషన్ పక్కన టెలిగ్రాం నకలు ఉంది. నేను సూసినాను. పుష్పకుమారి విరమించుకుంది, చాంద్ సుల్తానాని పంపుతున్నాం అని. అప్పటికే పోస్టాఫీసుకి పంపించీసినారు."

"నేను సంతకం పెట్టలేదు చాంద్."

"అనుకున్నాను. అందుకే వచ్చీసినాను." చాంద్ సుల్తానా తల్లీకూతుళ్ళిద్దరి వంకా చూసింది. ఏదో జరిగిందని తెలిసి గొంతు తగ్గించింది. "అక్కా, నాకు ఎల్లాలని లేదనుకోకండి. ఉంది. చాలా ఉంది. మా నాన్న కూడా, వచ్చే ఏడైనా నీకొస్తాదిలే అని దుకాణంలో మంచి పెట్టె ఒకటి తీసి నా కోసం పక్కన పెట్టినాడు. కానీ మీ పేరు కొట్టీసి నా పేరు రాస్తే నేను ఎల్లను. నన్ను అడక్కండా నా పేరు రాయడానికి ఆయనెవరు?"

పుష్పకుమారి లెక్కవేసుకుంది. ఉత్తరం రాస్తే మంగళవారానికి గానీ చేరదు. తను టెలిగ్రాం ఇస్తే, కాలేజీ ఇచ్చిన టెలిగ్రాం ఒకటి, తనది ఒకటి. వాళ్ళు దేన్ని నమ్ముతారు? కాలేజీదాన్నే.

"మద్రాసు మెయిలు ఇంకా రాలేదు కదూ?"

"రెండు గంటలు టైముంది."

"వెళ్తాను. సోమవారం పొద్దున ఆ ఆఫీసు తలుపు తీసేసరికి నేను గుమ్మంలో ఉంటాను."

"నేనూ వస్తాను," అంది చాంద్ సుల్తానా. "టెలిగ్రాం సూసింది నేను కదా. మీరొక్కరే సెప్తే ఎవరు నమ్ముతారు? నాన్నకి సెప్పే వచ్చినాను. అవసరమైతే ఎల్లమన్నాడు."

చేతిసంచిలో రెండు చీరలు కుక్కుకుంటూ పుష్పకుమారి వెనక్కి తిరిగేసరికి, దీవెనమ్మ ఆదివారం గుడికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, జుట్టు ముడి బిగించుకుని నిలబడి ఉంది.

"నానూ వత్తాను."

"నువ్వెందుకమ్మా, అంత దూరం?"

"ఏలు ఏసింది నాను. అది ఏ పరిస్తితిలో ఏసినానో ఆళ్ళకి నానే సెప్పాల. ఒకపాలి మదర్ ముందర అబద్దం సెప్పినాను. ఈపాలి నిజం సెప్తాను."

*

ముగ్గురూ స్టేషన్‌కి వచ్చేసరికి ప్లాట్‌ఫారం నిండా జనం. జనరల్ పెట్టె దగ్గర తోసుకుంటూ ఉండగా, నాలుగు పెట్టెల అవతల, ఫస్ట్ క్లాసు ముందు, తెల్ల పంచె, కూలీ నెత్తిన తోలుపెట్టె. గురునాథరావు. టెలిగ్రాం వెనకే ఆయనా మద్రాసు బయల్దేరాడు.

ఆయన కూడా వీళ్ళని చూశాడు. ఒక్క క్షణం ఆగి, కూలీని అక్కడే నిలబెట్టి, జనాన్ని తప్పించుకుంటూ వచ్చాడు.

"ఈ బండి ఎక్కకమ్మా," అన్నాడు మెత్తగా. "ఎక్కితే నీ ఉద్యోగం సంగతి నేను చెప్పలేను. చాంద్, నీకు కూడా చెబుతున్నాను."

చాంద్ సుల్తానా పుష్పకుమారి వంక చూసింది. పుష్పకుమారి ముందు తల్లిని మెట్టెక్కించింది. చాంద్ సంచి అందుకుని లోపల పడేసింది. తర్వాత తనెక్కి, తలుపు దగ్గర నిలబడి, "మద్రాసులో కలుద్దాం సార్," అంది.

బండి కదిలింది.

అనకాపల్లి దాటింది. బెల్లం వాసన లోపలికొచ్చి పోయింది. దీవెనమ్మకి కిటికీ పక్కన జాగా దొరికింది. దాటిపోయే తాటిచెట్ల వంక చూస్తూ, "పుష్పా, ఆవిడ బతికే ఉంటాదంటావా?" అని రెండుసార్లు అడిగింది. ఉంటుందనే అంది పుష్పకుమారి రెండుసార్లూ. మూడేళ్ళ కిందటి ఉత్తరం మీద వీధి పేరు, ఇంటి నెంబరు ఉన్నాయి. ఆ ఉత్తరం ఆమె రవికలో ఉంది.

చీకటి పడకముందే తుని వచ్చింది. చాంద్ టీ కోసం కిటికీలోంచి చెయ్యి చాచింది. అంతలో తలుపు దగ్గర జనం సర్దుకుంటున్నారు. పంచె కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, ఎప్పుడూ అలాంటి పెట్టె ఎక్కని వాడిలా అటూ ఇటూ తడబడుతూ, గురునాథరావు లోపలికి వచ్చాడు.

"దీవెనమ్మా, నీతో ఒక్క మాట," అన్నాడు. "పక్కకి రా."

పుష్పకుమారి లేచి నిలబడింది. తన జాగా చూపించింది.

"కూర్చోండి సార్. మా అమ్మతో ఏం మాట్లాడినా నా ముందే మాట్లాడండి. పక్కకి వెళ్ళి మాట్లాడుకున్నది ఇక చాలు."

ఆయన కూర్చోలేదు. పై కమ్మీ పట్టుకుని, ఆమె ముఖంలోకి చూశాడు. మొదటిసారి ఆయన గొంతులో మెత్తదనం లేదు.

"సరే. నీ ముందే చెబుతాను. మీ అమ్మ ఆ సిస్టర్ పేరు చెప్పాక, కాన్వెంటులో నాకు తెలిసిన వాళ్ళని వాకబు చేశాను. నువ్వు ఎవరిని చూడాలని అంత దూరం బయల్దేరుతున్నావో, ఆవిడ ఫ్రాన్సులో లేదు."

దీవెనమ్మ కిటికీ ఊచ పట్టుకుంది.

"పోయిందా బాబూ?"

"లేదు," అన్నాడు గురునాథరావు. "తిరిగొచ్చింది. రెండేళ్ళయింది. మీరు ఉదయం దిగే ఊళ్ళోనే ఉంది."